పంటితో తెంపిన దారం

మట్టెవాడలో మాది దారాల దుకాణం. గుండీలు, హుక్కులు, లేసులు, చీరల ఫాల్స్, ఉన్ని ఉండలు కూడా అమ్ముతాం కానీ బజారంతా దారాల దుకాణమనే అంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ ఉండదు. ఆ రెండు గంటలు కౌంటర్ మీది లేసు అట్టలు పక్కకు జరిపి, లాప్‌టాప్ తెరిచి, ఏనాడో చచ్చిపోయిన ఒక భాషలో ఒక మాట ముందు కూర్చుంటాను. మాట అనడం కూడా ఎక్కువే. సగం మాట. మిగతా సగం మట్టితో పాటు ఊడిపోయింది.

ఆ భాష పేరు లూవియన్. మూడు వేల ఏళ్ల కిందట, ఇప్పుడు తుర్కీ దేశం ఉన్న చోట మాట్లాడేవాళ్లు. వరంగల్‌లో దారాలు అమ్ముకునే ఆడమనిషికి దాంతో ఏం పని అని చాలామంది అడిగారు. నేను చరిత్రలో ఎమ్మే చదివాను. పరిశోధన చేద్దామనుకున్నాను, చేయలేదు. ఎవరూ ఆపలేదు, నేనే వెళ్లలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్లు మా అత్తగారిని అనుమానిస్తారు. లాక్‌డౌన్‌లో దుకాణం మూతపడ్డప్పుడు, విదేశంలో ఉండే ఒక ముసలి ప్రొఫెసర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా మేకుల లిపి నేర్పుతున్నాడని తెలిసి చేరాను. తడి మట్టి పలక మీద పుల్లతో గుచ్చి రాసే లిపి అది. మొదట్లో క్లాసు నిండా మనుషులే. దుకాణాలు తెరుచుకునేసరికి ముగ్గురం మిగిలాం.

మా ఆయనకు ఇదంతా వినోదం. గిరాకీకి వచ్చినవాళ్లు “మేడం ఏం చదువుతాంది?” అంటే ఆయనే జవాబు చెప్పేవాడు.

“దునియాల ఒక్క మనిషి గూడ మాట్లాడని భాష చదువుతాందన్నా. నాతోని మాట్లాడి మాట్లాడి యాష్టకొచ్చింది.”

లాప్‌టాప్‌లో ఫొటోలు చూసి నేను చదువుతున్న పలకలో ఉన్నది ఒక చికిత్స. రోగిని కూర్చోబెట్టి, ఒక ముసలమ్మ అతని చేతులకూ కాళ్లకూ ఎర్ర ఉన్ని, నీలి ఉన్ని చుడుతుంది. ముసలమ్మ అంటే వయసు మాత్రమే కాదు, ఆ పని చేసే ఆడమనిషిని ఆ పలకల్లో అలాగే పిలుస్తారు. నిజం చెప్పాలంటే నన్ను పట్టుకున్నది ఆ ఉన్నే. ఏ రంగుది ఎక్కడ చుట్టాలో వరుసగా, హోల్‌సేల్ వాళ్లకు నేను పంపే ఆర్డరులాగా రాసి ఉంది. మందులూ దేవుళ్లూ ఉన్న పలకలు బోలెడున్నాయి. నాకు మాత్రం నా సరుకు కనిపించింది.

పలక మొత్తం రాసింది పక్కవాళ్ల భాషలో, అంటే అక్కడ రాజ్యం చేసిన హిట్టైటుల భాషలో. మధ్యలో ఎక్కడైనా లూవియన్ మాట వస్తే రాతగాడు దాని ముందు రెండు చిన్న ఏటవాలు గాట్లు పెడతాడు. ఇది మా మాట కాదు సుమా అని గుర్తు. ముసలమ్మ ఉన్ని చుట్టడం అయ్యాక, ఆ దారాన్ని నదిలో వేయడానికి ముందు, అలాంటి రెండు గాట్లున్నాయి. గాట్ల తర్వాత సగం అరిగిన అక్షరం ఒకటి. ఆ తర్వాత బొటనవేలంత మేర మట్టి లేదు. చివర ‘తి’ అనే గుర్తు బాగానే ఉంది. అది ఉంటే ఆమె ఏదో చేస్తుందని. దారాన్ని ఏం చేస్తుంది? అదీ నా ప్రశ్న. పండితులు అలాంటి చోట చదరపు బ్రాకెట్లు పెట్టి, లోపల మూడు చుక్కలు పెట్టి వదిలేస్తారు. నాకు వదిలే స్వభావం లేదు. దుకాణంలో ఒక రీలు పోయినా సాయంత్రం దాకా వెతుకుతాను.

కోస్తుంది అనడానికి లేదు. కోయడానికి హిట్టైటులకు మామూలు మాట ఉంది. అదే పలకలో పైన గొర్రెను కోసేటప్పుడు రాతగాడు దాన్నే వాడాడు. ఇక్కడ పరాయి మాట తెచ్చుకున్నాడంటే ఆ పనికి వాళ్ల భాషలో సరైన మాట లేదన్నమాట. విప్పుతుందా, కాలుస్తుందా, లాగుతుందా? మూడేళ్లలో పది రకాలుగా రాసి ప్రొఫెసర్‌కు పంపాను. ఆయన నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: “సాధ్యమే. ఆధారం?” ఆ రెండో మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా దుకాణం అరుగు మీద ఒక అవ్వ పూలు అమ్ముతుంది. నేను పెళ్లయి వచ్చేనాటికే ఆమె అక్కడ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మల్లెలో, చామంతులో అల్లుతూనే ఉంటుంది. చేతులు ఆగడం నేను చూడలేదు. బెణుకులకూ, పట్టేసిన మెడలకూ, భుజాలకూ దారం చుట్టి తీయడం ఆమెకు వచ్చు. చుట్టుపక్కల వీధుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు కూడా ఆ తర్వాత అవ్వ దగ్గరికి వస్తారు. ఆమె వాడే ఎర్ర దారం, నల్ల దారం మా దుకాణంలోవే.

రెండేళ్ల కిందట నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేస్తే ఒట్టు. జడ వేసుకోవడం రాక కొప్పు, కొప్పు రాక మా ఆయన కట్టిన ముడి. మాత్రలు మింగాను, వ్యాయామాలు చేశాను. చివరికి ఒక మధ్యాహ్నం అవ్వ తనే లోపలికి వచ్చి, “జర సేపు కూసో బిడ్డా,” అని స్టూలు లాక్కుంది. భుజం నుంచి మొదలుపెట్టి వేళ్ల దాకా, ఎర్ర దారం ఒక వరుస, నల్ల దారం ఒక వరుస, నోట్లో ఏదో గొణుక్కుంటూ చుట్టింది. అరగంట పట్టింది. అయ్యాక వంగి, మణికట్టు దగ్గర దారాన్ని పళ్లతో కొరికింది. ఆమె పళ్లు నా చర్మానికి తగిలాయి. దారాలు వదులై ఒళ్లో పడ్డాయి. వాటిని ఉండ చేసి, మూడు బాటలు కలిసే చోట పారేయడానికి లేచింది.

నాకు నొప్పి గుర్తులేదు. రెండు గాట్లు, సగం అక్షరం, విరిగిన మట్టి, ‘తి’. అవే కళ్ల ముందున్నాయి.

“అవ్వా, ఆగు. కత్తెర గీడనే ఉన్నది గదా. పంటితోని ఎందుకు తెంపినవ్?”

ఆమె నా ముఖంలోకి చూసింది.

“ఇనుము తగలొద్దనా?”

ఇంకొంచెం సేపు చూసి, “ఔ బిడ్డా. ఇనుము తగలొద్దు,” అన్నది.

“మీ అవ్వ కాలం నుంచి గిట్లనేనా?”

“ఔ.”

“ఎవలకు చుట్టినా గిట్లనే తెంపుతవా?”

“ఔ బిడ్డా, ఎవలకైనా.”

కుడి చెయ్యి రాదు కాబట్టి ఎడమ చేత్తో, బిల్లు పుస్తకం వెనక, వంకరటింకరగా ఆ జవాబులు రాసుకున్నాను.

తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. పంటితో తెంపడం అనేది ఆ ముసలమ్మ చేతిలోని విద్యలో ప్రత్యేకమైన పని అనీ, దానికి పాలకుల భాషలో మాట లేదనీ, లోహం తగలకూడదన్న నియమం అలాంటి చికిత్సల్లో ఇప్పటికీ బతికి ఉందనీ పన్నెండు పేజీల వ్యాసం రాశాను. ఈసారి ప్రొఫెసర్ రెండు మాటలతో సరిపెట్టలేదు. దూరదేశపు ఆచారం రుజువు కాదన్నాడు, కానీ ఊహ బాగుందన్నాడు. తాను నడిపే చిన్న పత్రికలో వేస్తానన్నాడు. ఆచారం గురించి నాకు ఎలా తెలిసిందో అడుగున ఒక వివరణ రాయమన్నాడు. రాశాను. “ఎందుకని ప్రశ్నించగా, ఇనుము తగలకూడదని ఆమె స్వయంగా చెప్పింది.”

యాభై రెండేళ్లకు మొదటిసారి నా పేరు అచ్చులో పడబోతోంది. అది నాకు కావాలి. చాలా కావాలి. చదువు మానేసినప్పుడు బాధపడలేదని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను, అది అబద్ధమని ఆ ఉత్తరం చదివాక తెలిసింది.

అవ్వకు చెప్పాను. అవ్వ బజారుకు చెప్పింది. “నా దారం ముచ్చట ఫారిన్ బుక్కుల పడ్తాందట,” అని పూలు కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ కూడా. మా ఆయన ఆమెను సైంటిస్టవ్వ అనడం మొదలుపెట్టాడు. ఆమె దానికి మురిసిపోయి, మా దుకాణంలో దారం తీసుకునేటప్పుడు, “గీ రకం గాదు, మంచి రీలియ్యి. ఫారినోళ్లు జూత్తరు,” అనేది. కేసముద్రం నుంచి ఎవరో మెడ పట్టేసినాయన అడుగుతూ వస్తే, చుట్టడానికి ముందు ఈ సంగతంతా చెప్పి మరీ చుట్టింది. పుస్తకం ఎప్పుడొస్తుందని వారానికి రెండుసార్లు నన్ను అడిగేది.

ఆ వానాకాలం అవ్వ చిగుళ్లు వాచాయి. సర్కారు దవాఖానకు వెళ్తే కదిలే పళ్లన్నీ తీసేశారు. పది రోజులు అరుగు ఖాళీగా ఉంది. తిరిగి వచ్చినప్పుడు పైవరుస ముందు పళ్లు ఒక్కటీ లేవు. నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేది.

వ్యాసం ప్రూఫులు అదే నెలలో వచ్చాయి. తప్పులు దిద్ది వారంలో పంపమన్నారు. దిద్దడానికి ఏమీ లేదు, అయినా ఎనిమిదిసార్లు చదివాను. ఆ వారంలోనే మా ఆయన ఉన్ని మూట ఎత్తబోయి మెడ పట్టేయించుకున్నాడు. నమ్మకం లేదంటూనే అవ్వ ముందు కూర్చున్నాడు. ఆమె ఎప్పటిలాగే మెడ నుంచి భుజం మీదుగా చుట్టుకుంటూ వచ్చింది. చుట్టడం అయ్యాక కౌంటర్ మీద నేను లేసు కోసే పెద్ద కత్తెర తీసి, దారాన్ని టక్కున కోసేసింది.

“అవ్వా!” అని అరిచాను.

“ఏమాయె?”

“కత్తెరతోని కోసినవు.”

“పళ్లేవి బిడ్డా?” అని కొంగు తీసి నోరు చూపించింది.

“ఇనుము తగలొద్దంటివి గదా!”

“నేనెప్పుడన్న? నువ్వంటివి.” కొంచెం ఆలోచించింది. “నువ్వంటివి, నేను ఔనన్న.”

“మరి పంటితోని ఎందుకు తెంపేటిదానివి?”

అవ్వ నన్ను జాలిగా చూసింది. అరుగు మీది పూల గంప వైపు చెయ్యి చూపించింది.

“పొద్దంత పూలల్లేటోళ్లు దారం దేంతోని తెంపుతరు బిడ్డా? చేతులు ఖాళీ ఉంటయా? నోటికలవాటైంది.”

పాతికేళ్లుగా పూలల్లేవాళ్లకు దారం అమ్ముతున్నాను. పాతికేళ్లుగా నా అరుగు మీదే ఒక మనిషి రోజుకు వందసార్లు దారం కొరుకుతుంటే చూస్తున్నాను. అది చూసినప్పుడెప్పుడూ నాకు మూడు వేల ఏళ్ల నాటి రహస్యం గుర్తురాలేదు. నా చేతికి చుట్టి కొరికితే మాత్రం గుర్తొచ్చింది. మొదట అవ్వ మీద కోపం వచ్చింది. ఔనని ఎందుకన్నావని కసురుకున్నాను కూడా. ఆమె దారాలు ఉండ చేసుకొని వెళ్లిపోయింది. తర్వాత బిల్లు పుస్తకం తీసి చూశాను. నా ప్రశ్నలు పొడుగ్గా ఉన్నాయి. ఆమె జవాబులు మూడు ‘ఔ’లు, వాటి వెనక తిరిగొచ్చిన నా మాటలే. అప్పుడు కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

మా ఆయన మెడ తిప్పి చూసుకుంటూ, “దీనికింత ఫికరెందుకు? పెంకు పగిలిన కాడ ఏమున్నదో వాళ్లకు తెల్వది, నీకు తెల్వది. పళ్లే ఉండొచ్చు గదా,” అన్నాడు.

అందులో తప్పు లేదు. ఆ ముసలమ్మ నిజంగానే పంటితో తెంపి ఉండవచ్చు. వ్యాసంలో పలక గురించి నేను అన్నవేవీ అబద్ధాలు కావు. అడుగున ఉన్న ఒక్క వాక్యం, అందులో ‘స్వయంగా’ అనే ఒక్క మాట అబద్ధం. కానీ ఆ మాట తీసేస్తే ఆధారం పోతుంది, ఆధారం పోతే వ్యాసం నిలవదు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ప్రూఫు కాగితాలను లేసు అట్టల కింద పెట్టి, రోజూ తీసి నా పేరు చూసుకొని మళ్లీ లోపల పెట్టాను. ఈ వయసులో ఇలాంటి పని చేస్తాననుకోలేదు. ఇంకో వైపు అవ్వ. వ్యాసం రాకపోతే బజారులో ఆమె ముఖం ఏం కావాలి? ఈ రెండో కారణం గొప్పగా కనిపించింది కానీ దాని వెనక దాక్కున్నది మొదటిదే.

ఐదో రోజు అరుగు మీదికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

“అవ్వా, గా పుస్తకంల మన ముచ్చట రాదు. నేనే వద్దని రాత్తాన.”

“ఎందుకు?”

“నువ్వు చెప్పనిది నువ్వు చెప్పినవని రాసిన.”

ఆమె చామంతులు నాలుగు అల్లింది.

“ఔనన్న గదా. తప్పు నాదే.”

“నీది గాదు. నువ్వు చెప్పేదాక నేనాగలే.”

“చెయ్యి లేపరాక అప్పుడు నీ మొఖం ఎట్లున్నదో నీకెరుకనా? ఆర్నెల్ల సంది నవ్వింది లేదు. దారం కొరకంగనే నీ కండ్లల్ల పాణమొచ్చింది. కాదంటే మళ్ల చిన్నబోతవని ఔనన్న. గంతే.”

నాకు సిగ్గేసింది. నేను ఆమెను ఒక ఆధారంగా చూస్తున్న ఆ నిమిషంలో, ఆమె నన్ను రోగిగా చూస్తూ, తన పని తాను చేస్తోంది. ఆ మూడు ‘ఔ’లు కూడా వైద్యంలో భాగమే. వాటిని తెచ్చి నేను అడుగున వివరణగా పెట్టాను.

అంతలో మూర పూలు కొనడానికి వచ్చినావిడ, “అవ్వా, నీ ఫారిన్ బుక్కొచ్చిందా?” అని అడిగింది. నేను తల వంచుకున్నాను.

“తప్పులు వడ్డయట. రాదిగ,” అంది అవ్వ మామూలుగా, మూర కొలుస్తూ. ఆ తప్పులు ఎవరివో చెప్పలేదు.

ఆ సాయంత్రమే ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, కత్తెర దాకా, చెప్పాను. నిజాయితీకి నాలుగు మాటలు మెచ్చుకుంటాడని లోపల ఆశ ఉండింది. “అందింది. తీసేస్తున్నాను,” అని జవాబు వచ్చింది. ఆయనకు కూడా పేజీలు నింపుకునే తొందర ఉంటుంది కదా. నోటుపుస్తకంలో ఆ వరుస దగ్గర పంటి మాట కొట్టేసి, చదరపు బ్రాకెట్లు మళ్లీ పెట్టి, లోపల మూడు చుక్కలు పెట్టాను.

కొన్నాళ్లు పలక తెరవలేదు. తెరిచినప్పుడు మాత్రం అంతకుముందు ఆగని చోట ఆగాను. మొదటి వరుసలో, ఫలానా ఊరి ఆడమనిషి ఇలా చెబుతోంది అని ఉంటుంది. అలాంటి పలకలు చాలావరకు అలాగే మొదలవుతాయి. చెప్పింది ఆమె, రాసింది చదువుకున్న రాతగాడు. ఆమె భాష అతనిది కాదు. అతను ఏమేం అడిగాడో పలకలో లేదు. ఎన్నిసార్లు ఆమె అతని ముఖం చూసి ఔనన్నదో తెలుసుకునే దారి లేదు. ఇది రాసి పంపుదామా అనుకున్నాను. సాధ్యమే, ఆధారం? అని నన్ను నేనే ప్రశ్నించుకొని ఊరుకున్నాను.

మొన్న చలికాలంలో భుజం మళ్లీ పట్టేసింది. అవ్వ స్టూలు లాక్కొని కూర్చొని ఎర్ర దారం తీసింది. కత్తెర పక్కన పెట్టుకుంది. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. దారం మోచేతి దాకా వచ్చింది.

“ఏమడుగుతలేవేంది?” అంది.

“అడగ. నీకు చెప్పేదుంటే చెప్పు.”

ఇంకో రెండు చుట్లు చుట్టింది.

“తెంపుడు ఎట్లనన్న తెంపొచ్చు బిడ్డా. చుట్టుడే పని. అరగంట సేపు ఆడమనిషి ఒక్కకాడ కూసోవాలె, ఇంకొకలు ఆమె చెయ్యి వట్టుకోవాలె. మా అవ్వ గిదే నేర్పింది. లేకుంటే గా అరగంట మనకెవలిత్తరు?”

ఆ పలకలో ‘చుడుతుంది’ అన్న మాట విరిగిన చోటికి సరిగ్గా పై వరుసలో ఉంది. ఒక్క గాటు కూడా అరగలేదు. దాని అర్థం మొదటి రోజే తెలిసింది కాబట్టి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని దగ్గర కూర్చోలేదు. అవ్వ మాట రాసుకుందామని ఎడమ చెయ్యి బిల్లు పుస్తకం వైపు పోయింది.

“కదలకు,” అంది అవ్వ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె నల్ల దారం అందుకుంది.